లారెన్స్ కాదన్నది ఏ ‘వస్తునిష్ఠత’ను? ఒక అనువాద సందేహం

గోరువంక (ప్రశ్న):

మిత్రులందరికీ నమస్కారం. ఇంగ్లీషు నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ సాహిత్య వ్యాసాలు కొన్నింటిని తెలుగు చేసే పనిలో నాలుగు నెలలుగా ఉన్నాను. పని నెమ్మదిగా అయినా సాగుతూనే వచ్చింది గాని, ఇప్పుడు ఒక్క మాట దగ్గర బండి ఇరుసు దాకా దిగబడింది. ఇంగ్లీషువారు ‘ఆబ్జెక్టివ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు అరడజను మాటలున్నాయి. భావకవిత్వపు ‘ఆత్మాశ్రయా’నికి, అంటే కవి తన అనుభూతినే ఆధారం చేసుకోవడానికి, ఎదురుగా నిలబెట్టవలసి వచ్చినప్పుడు మన విమర్శకులు ‘వస్త్వాశ్రయం’ అన్నారు. తత్త్వశాస్త్రం చదివినవారు ‘వస్తుగతం’ అంటారు. పత్రికలవారికి అది ‘నిష్పాక్షికత’. చరిత్రకారుణ్ణి మెచ్చుకోవాలంటే ‘తటస్థంగా రాశాడు’ అంటాము, కథకుణ్ణి మెచ్చుకోవాలంటే ‘నిర్లిప్తంగా చెప్పాడు’ అంటాము. నిఘంటువు వీటన్నిటినీ ఒకే వరసలో కామాలు పెట్టి చూపించి ఊరుకుంటుంది.

నా చిక్కు ఇది. నవలాకారుడు గాల్స్‌వర్దీ మీద రాయగా 1928లో అచ్చయిన వ్యాసాన్ని లారెన్స్ మొదలుపెట్టడమే, సాహిత్య విమర్శ ఎన్నటికీ శాస్త్రం కాజాలదంటూ మొదలుపెడతాడు. ఒక పుస్తకం విమర్శకుడిలో కలిగించిన అనుభూతికి కారణాలు చూపుతూ అతను అప్పజెప్పే లెక్కే విమర్శ అని, శాస్త్రం పట్టించుకోని విలువలతోనే దానికి పని అని, గీటురాయి అనుభూతే గాని తర్కం కాదని అంటాడు. శైలి అనీ రూపమనీ పుస్తకాలను వృక్షశాస్త్రానికి నకలుగా తెగలు విడదీసి పేర్లు అంటించడం మర్యాద తప్పిన పని అని, పైగా విసుగు పుట్టించే పరిభాష అని కూడా తీసిపారేస్తాడు. ఇంతవరకు ‘వస్తునిష్ఠతను తిరస్కరించాడు’ అని రాసుకుని ముందుకు పోవచ్చు.

అయితే అంతకు మూడేళ్ళ ముందు, 1925లో, నవలకూ నీతికీ ఉన్న సంబంధం గురించి రాసిన వ్యాసంలో, నవలలో నీతి అంటే నిలకడ లేకుండా కంపించే త్రాసు ముల్లు వంటిదని, నవలాకారుడు తనకు నచ్చిన వైపుకు తక్కెడ మొగ్గేటట్టు పళ్ళెంలో బొటనవేలు పెట్టి నొక్కితే అదే అవినీతి అని చెప్పినవాడు కూడా ఇతనే. అనుభూతే గీటురాయి అన్నవాడికి తక్కెడలో వేలు పెట్టినందుకు కోపం ఎందుకు రావాలి? ఇష్టాయిష్టాలు లేని రచయిత కావాలని అడగడం కూడా ఒక రకంగా వస్తునిష్ఠతను అడగడమే కదా? ఈ రెండు చోట్లా ఒకే తెలుగు మాట వాడితే నా లారెన్స్ తనను తానే ఖండించుకునేవాడిగా కనిపిస్తున్నాడు. రెండు మాటలు వాడితే, మూలంలో లేని తేడాను నేను దొంగచాటుగా చొప్పిస్తున్నానేమోనని భయంగా ఉంది. దీనితోపాటు ఇంకొక ప్రశ్న: అతనికి అసలు సైన్సు మీదే కోపమా, లేక సైన్సు కళలోకి అడుగుపెట్టడం మీదనా?

పాతచొక్కా (జవాబు):

గోరువంక గారూ, మీ భయంలోనే మీ జవాబు ఉంది. ఆ తేడా మూలంలో ఉన్నదే. ఇంగ్లీషు మాట దాన్ని కప్పిపెట్టింది, తెలుగు మాటలు దాన్ని బయటపెడుతున్నాయి. అనువాదకుడికి ఇటువంటి అదృష్టం అరుదుగా దొరుకుతుంది కనుక, దాన్ని దోషంగా భావించకండి.

ముందు అతను ఎవరితో పోట్లాడుతున్నాడో చూడాలి. అతనికి ముందు తరంలో ఫ్రెంచి నవల సైన్సు దగ్గర శిష్యరికం చేసింది. శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్ 1865లో ప్రయోగాత్మక వైద్యం గురించి రాసిన గ్రంథాన్ని నవలాకారుడు ఎమిల్ జోలా 1880లో నవలకు అన్వయించి, వైద్యుడు శరీరం మీద చేసే ప్రయోగాన్నే నవలాకారుడు మనిషి ఆవేశాల మీద, అతని పరిసరాల మీద చేస్తాడని వాదించాడు. జోలాకు ముందున్న ఫ్లాబేర్ అంత దూరం పోలేదు గాని, రచయిత తన రచనలో ఎక్కడా కనిపించకూడదని పట్టుబట్టాడు. 1913లో జర్మన్ రచయిత థామస్ మన్ నవలికను సమీక్షిస్తూ లారెన్స్ ఈ ఫ్లాబేర్ జబ్బు గురించే మాట్లాడతాడు. కుష్ఠువ్యాధి దగ్గర నుంచి తొలగి నిలబడినట్టు ఫ్లాబేర్ జీవితం నుంచి తొలగి నిలబడ్డాడని, మన్ ఆ జబ్బుతో తీసుకునే చివరి రోగి అని అంటాడు. ఇప్పుడు మీరు చెప్పిన మాటల్లో ఒకదాన్ని విడదీసి చూడండి. ‘తటస్థుడు’ అంటే తటం మీద, అంటే గట్టు మీద నిలబడినవాడు. నీళ్ళలో దిగనివాడు. లారెన్స్ మొదటి నుంచి చివరి దాకా కాదన్నది ఈ తాటస్థ్యాన్నే. గట్టు మీద నిలబడినవాడికి ఏటి వెడల్పు తెలుస్తుంది, వడి కూడా కొంత అంచనాకు వస్తుంది గాని, చలి మాత్రం తెలియదు.

తక్కెడ మాట వేరు. ‘పక్షపాతం’ అంటే ఒక పక్కకు పడిపోవడం, ఒరిగిపోవడం. తక్కెడ ఒక పక్కకు ఒరగడానికి అంతకంటే సరైన మాట ఏ భాషలో ఉంటుంది? నవలాకారుడు తన సిద్ధాంతాన్నో, తన ఆదర్శాన్నో గెలిపించడానికి పాత్రల మధ్య సహజంగా ఊగే బరువును చెడగొట్టడం లారెన్స్ దృష్టిలో అవినీతి. ప్రేమను గెలిపించడానికి నొక్కినా అంతే, ప్రేమను ఓడించడానికి నొక్కినా అంతే. కాబట్టి అతను నిష్పాక్షికతను కోరుతున్నాడు, తాటస్థ్యాన్ని కాదంటున్నాడు. ఏట్లో దిగి, మెడలోతు నీళ్ళలో నిలబడి, తక్కెడ సరిగ్గా పట్టుకోమంటున్నాడు. కష్టమే. అతనికి అదే కావాలి.

ఇక మూడో మాట, ‘వస్తుగతం’. ఆ 1925 వ్యాసంలోనే చిత్రకారుడు వాన్‌గో గీసిన పొద్దుతిరుగుడు పూల ప్రస్తావన ఉంది. మీరు అక్కడికి ఇంకా రాలేదేమో, వచ్చినప్పుడు నిదానంగా చేయండి. వాన్‌గో ఆ పువ్వును గీసినప్పుడు, మనిషిగా తనకూ పువ్వుగా దానికీ మధ్య ఆ క్షణంలో ఏర్పడిన సజీవమైన సంబంధాన్ని మాత్రమే బయటపెట్టాడని, ఆ పువ్వు తనంతట తానుగా ఏమిటో మనకు ఎన్నటికీ తెలియదని అంటాడు లారెన్స్. పువ్వు రూపమే కావాలంటే కెమెరా వాన్‌గో కంటే ఎంతో పూర్తిగా పట్టిస్తుందని కూడా ఒప్పుకుంటాడు. ఇక్కడ వస్తువు మీద ద్వేషం లేదు. వస్తువును వస్తువుగా పట్టే పని కెమెరాకు అప్పగించి పక్కకు జరుగుతున్నాడు. కాన్వాసు మీద మిగిలేది వాన్‌గో మనసూ కాదు, తోటలో పువ్వూ కాదు, ఆ రెండింటి నడుమ పుట్టిన మూడోది. అందుకే అతన్ని ‘ఆత్మాశ్రయవాది’ అని రాయడం కూడా తప్పే అవుతుంది.

కెమెరా మీద కోపం ఉన్నది వేరే చోట. కళకూ నీతికీ సంబంధించి అదే ఏడాది రాసిన వ్యాసంలో, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ గీసిన ఆపిల్ పళ్ళను చూసి జనం ఎందుకు ఉలిక్కిపడ్డారు, బల్ల మీద నుంచి దొర్లిపోయేటట్టున్న పళ్ళు వారికి నీతి తప్పినట్టు ఎందుకు తోచాయి అని అడుగుతాడు. మనిషి తనను తాను కొడాక్ కెమెరా చూసినట్టు చూసుకోవడం అలవాటు చేసుకున్నాడని, చుట్టూ ఉన్న లోకంతో తెగిపోయిన ఒక పూర్తి బొమ్మగా తనను ఊహించుకుంటున్నాడని, దాన్నే అంతా చూసే దేవుడి చూపుగా పొరబడుతున్నాడని అతని జవాబు. అంటే అతను నిందించేది యంత్రాన్ని కాదు, యంత్రం చూపే నిజమైన చూపు అనుకునే మనిషి అలవాటును. చేతి ఫోనులో తన ముఖాన్ని తాను రోజుకు పదిసార్లు ఫోటో తీసుకునే మన కాలంలో ఈ వ్యాసానికి అధోజ్ఞాపికల అవసరం ఉండదు.

అతను ఎవరికి దూరంగా ఉన్నాడో స్పష్టం కావడానికి కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్‌ను పక్కన పెట్టి చదవండి. 1919 నాటి సంప్రదాయం మీది వ్యాసంలో ఎలియట్ కవి మనసును ఒక ప్లాటినం తీగతో పోలుస్తాడు. ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న గదిలో ఆ తీగ ఉంటేనే ఆమ్లం తయారవుతుంది గాని, తయారైన ఆమ్లంలో ప్లాటినం జాడ ఉండదు, తీగ కూడా మారదు. వ్యక్తిత్వాన్ని ఇలా చెరిపేసుకోవడంలోనే కళ సైన్సు స్థితికి చేరువవుతుందని ఎలియట్ సంతోషం. ఇద్దరూ ఆధునికులే, వయసులో మూడేళ్ళ తేడా మాత్రమే. లారెన్స్‌కు మాత్రం, మారకుండా బయటపడిన తీగ అసలు ఏ సంబంధంలోకీ వెళ్ళనట్టే లెక్క.

తంగేడు (జవాబు):

నేను జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. సాహిత్యం నా పాఠ్యాంశం కాదు. అయితే ‘వృక్షశాస్త్రానికి నకలు’ అన్న ఎత్తిపొడుపు చదివాక ఊరుకోలేకపోయాను, ఎందుకంటే లారెన్స్‌కు వృక్షశాస్త్రం ఊరికే దొరికిన పోలిక కాదు. అతను 1906 నుంచి 1908 దాకా నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు, అక్కడ వృక్షశాస్త్రం ఇష్టంగా చదివాడు. తర్వాత క్రాయ్‌డన్‌లో బడిపంతులుగా పనిచేశాడు. పువ్వును కోసి చూసిన చెయ్యి అది. నకలును నకలు అనగలిగింది అసలు తెలిసినవాడు కాబట్టే.

పాతచొక్కా గారు చెప్పినదానికి చేర్పుగా, లారెన్స్ ‘విమెన్ ఇన్ లవ్’ నవల మూడో అధ్యాయం చూడమని గోరువంక గారిని కోరుతున్నాను. తరగతి గదిలో పంతులమ్మ అర్సులా పిల్లల చేత హేజెల్ చెట్టు పూలగుత్తులు గీయిస్తూ ఉంటుంది. పాఠశాలల ఇన్‌స్పెక్టరు బిర్కిన్ వచ్చి, పిల్లలకు రంగు సుద్దలు ఇవ్వమంటాడు. ఆడపూలకు ఎరుపు, మగపూలకు పసుపు, అంతకంటే ఇంకేమీ వద్దు, అంచుగీతలకు పెద్ద పని లేదు అంటాడు. పుస్తకాలు పాడవుతాయని ఆవిడ భయం. (ఈ భయం ప్రతి తరగతి గదిలోనూ ఉంటుంది, నాకూ ఉంది.) అప్పుడు బిర్కిన్ చెప్పే మాట మీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది: ఇక్కడ ఎత్తి చూపవలసింది వాస్తవాన్ని, మన సొంత ముద్రను కాదు. ఆ వాస్తవం ఏమిటంటే, ఆడపువ్వు కొసన ఎర్రగా పొడుచుకొచ్చిన చిన్న కీలాగ్రాలు, వేలాడే పసుపుపచ్చని మగ గుత్తి, ఒకదాని నుంచి మరొకదానికి ఎగిరే పుప్పొడి. పిల్లలు మనిషి ముఖాన్ని రెండు కళ్ళు, ఒక ముక్కు, పళ్ళున్న నోరు అని గీసినట్టు ఆ ఒక్క సంగతిని గీయమంటాడు.

కళలో ‘ఆత్మాశ్రయ’ ముద్రను వద్దని, వాస్తవాన్ని గీయమని చెప్పిస్తున్నది సైన్సును కాదన్నాడని మనం అనుకుంటున్న రచయిత. అదీ నవలలో తన ఆలోచనలకు అందరికంటే దగ్గరగా ఉండే పాత్ర చేత. మా ప్రయోగశాలలో మేము చెప్పే నియమాలు ఏమిటి? గట్టి పెన్సిలుతో ఒక్క గీత, షేడింగు కూడదు, భాగాల పేర్లు కుడివైపు వరసగా. మందార పువ్వు నిలువుకోత గీసిన పిల్లవాడికి కేసరాల నాళం, అండాశయం, కీలాగ్రాలు అన్నీ ఒకే ప్రాముఖ్యంతో కనిపిస్తాయి. మార్కులు కూడా అలాగే వేస్తాము. ఆ బొమ్మ తప్పు కాదు. కానీ పువ్వు ఎందుకు ఉన్నదో ఆ బొమ్మలో కనిపించదు. బిర్కిన్ ఎర్రసుద్ద ముక్క చెప్పేది ఆ ‘ఎందుకు’నే. మంచి శాస్త్రజ్ఞుడు గీసే రేఖాపటం చేసే పని కూడా సరిగ్గా అదే, వందలో ఒకటి ఏరి మిగిలిన తొంభై తొమ్మిది వదిలేయడం. అందువల్ల ఆ సన్నివేశంలో సైన్సుకూ కళకూ తగాదా లేదు. తగాదా ఉన్నది ఎంపిక లేని చూపుతో.

ఒక చిన్న తప్పు కూడా పట్టుకున్నాను, వృత్తి అలవాటు క్షమించండి. మగపూలు అనవలసిన చోట బిర్కిన్ ‘ఆండ్రాజినస్’ అంటాడు. ఆ మాటకు ఆడా మగా రెండు లక్షణాలూ ఒకచోట ఉన్నవి అని అర్థం. హేజెల్ గుత్తులు కేవలం మగవి. పరీక్షలో అయితే అరమార్కు పోయేది. అనువాదంలో దిద్దాలా వద్దా అన్నది మీ ఇష్టం.

‘ద రెయిన్‌బో’ (1915)లో కూడా ఇదే అర్సులా కాలేజీ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద ఏకకణజీవిని చూస్తుంది. జీవం కూడా విద్యుత్తు వంటి భౌతిక శక్తుల వ్యవహారమే, దానికి ప్రత్యేక రహస్యం అంటగట్టవలసిన పని లేదని ఒక అధ్యాపకురాలు చెప్పిన మాట ఆమె బుర్రలో తిరుగుతూ ఉంటుంది. అద్దం కింద ఆ జీవి ఒంటి మీది సన్నని నూగు వంటి శైలికల కదలిక పొగమంచులా మెరుస్తుంది, కేంద్రకం మిలమిలలాడుతుంది, ఆ క్షణంలో ఆమెకు ఆ మాట చాలదని తెలిసిపోతుంది. చాలదని తెలిసింది ఎక్కడ? చర్చిలో కాదు, అడవిలో కాదు, సూక్ష్మదర్శిని కటకం దగ్గర. ఆ పేజీ రాయడానికి కటకం మీద కన్ను ఆనించి చాలాసేపు కూర్చున్న అనుభవం ఉండాలి.

ఉప్పుకప్పురంబు (జవాబు):

పెద్దలిద్దరూ కలిసి లారెన్స్‌ను చాలా శుభ్రంగా ఉతికి ఆరేశారు. నేను మందుల కంపెనీలో రసాయన విశ్లేషణ విభాగంలో పనిచేసేవాణ్ణి, ఆ బట్టల మీద మిగిలిన మరకలు రెండు మూడు చూపించకపోతే నాకు తోచదు.

మొదటిది, నవలాకారుడు ఆల్డస్ హక్స్‌లీ చెప్పిన సంగతి. లారెన్స్ ఉత్తరాల సంపుటానికి 1932లో రాసిన పీఠికలో అతను ఒక వాగ్వాదం గుర్తుచేసుకుంటాడు. పరిణామవాదం మీద మాట వచ్చింది. సాక్ష్యం చూడమని హక్స్‌లీ బతిమాలాడు. సాక్ష్యంతో నాకు పని లేదు, అది నాకు ఇక్కడ తెలియడం లేదు అంటూ లారెన్స్ రెండు చేతులూ పొట్ట పైభాగాన, నాడీగుచ్ఛం ఉండే చోట, అదుముకున్నాడు. ఇది తాటస్థ్యాన్ని కాదనడం కాదు. పువ్వు గురించి కాదు, నవల గురించి కాదు, భూమి మీద జీవరాశి చరిత్ర గురించి మాట్లాడుతూ పొట్టను సాక్షిగా పిలవడం. హక్స్‌లీ అతన్ని ఎంతో ప్రేమించిన స్నేహితుడు కనుక ఇది శత్రువు అల్లిన కథ అని కొట్టిపారేయలేము.

రెండోది, 1922 నాటి ‘ఫాంటాసియా ఆఫ్ ది అన్‌కాన్షస్’. గోరువంక గారికి కావలసిన మాట అందులో ముందుమాటలోనే దొరుకుతుంది. మన వస్తుగత శాస్త్రం మీద నాకు ఫిర్యాదు లేదు, అది తన హద్దుల్లో పరిపూర్ణమే, కానీ మనిషికి సాధ్యమైన జ్ఞానమంతా అదే అనుకోవడం పసితనం, అది మృతప్రపంచానికి సంబంధించిన శాస్త్రం, సజీవ అనుభవం మీద నిలిచే ఇంకొక శాస్త్రం ఉంది అంటాడు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు. చిక్కు ఆ తర్వాతి అధ్యాయాల్లో వస్తుంది. ఆ ‘ఇంకొక శాస్త్రం’ ఒంట్లో ఫలానా నాడీగుచ్ఛం ఫలానా చైతన్యానికి కేంద్రమని పటం గీస్తుంది, సూర్యుడు బతుకుతున్నది జీవుల ప్రాణశక్తి వల్లనేనని చెబుతుంది. వస్తుగత శాస్త్రానికి హద్దు గీసినవాడే ఆ హద్దు దాటి వచ్చి సూర్యుడి గురించి తీర్పు ఇచ్చాడు. హద్దు ఒకవైపే పనిచేస్తుందా?

మూడోది నా సొంత కక్ష. ‘పాన్సీస్’ (1929) సంపుటిలో నీటి గురించి అతని చిన్న కవిత ఉంది. రెండు పాళ్ళు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్, అయినా దాన్ని నీరుగా చేసే మూడోది ఒకటి ఉంది, అది ఏమిటో ఎవరికీ తెలియదు అంటాడు. కవితగా నాకు ఇష్టమే. కానీ రెండు వాయువులు కలిసి ఈ వింత ద్రవం ఎలా అయింది, చిన్న అణువే అయినా మామూలు వేడికి ఎందుకు ఆవిరైపోదు అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే వెలువడింది. అణువుకూ అణువుకూ మధ్య హైడ్రోజన్ వంతెనలా నిలిచే బంధం గురించి లాటిమర్, రోడ్‌బుష్ అనే రసాయన శాస్త్రజ్ఞులు 1920లోనే బర్క్‌లీ నుంచి రాశారు. లారెన్స్ దాన్ని చదవలేదని నేను తప్పుపట్టను. ‘నాకు తెలియదు’ అని అనవలసిన చోట ‘ఎవరికీ తెలియదు’ అన్నందుకు తప్పుపడతాను. పాతచొక్కా గారి పొద్దుతిరుగుడు వ్యాఖ్యానంలో కూడా ‘మూడోది’ వచ్చింది చూడండి. ఆ చిత్రంలో అది సంబంధం. ఈ కవితలో మాత్రం రసాయనశాస్త్రం గడప ముందు పెట్టిన అడ్డుకర్ర.

ఇంత అన్న తర్వాత న్యాయానికి ఒకటి చెప్పాలి. 1914 జూన్ 5న సంపాదకుడు ఎడ్వర్డ్ గార్నెట్‌కు రాసిన ఉత్తరంలో, పాత నవలల్లోని నిలకడైన వ్యక్తిత్వం తన పాత్రల్లో వెతకవద్దని చెప్పడానికి అతను తెచ్చుకున్న పోలిక మా శాస్త్రానిదే. వజ్రమూ బొగ్గూ రెండూ కార్బన్ రూపాంతరాలు. మామూలు నవల వజ్రం చరిత్ర చెబుతుంది, నాకు కావలసింది కార్బన్ అంటాడు. బొగ్గు గనిలో పనిచేసిన తండ్రికి కొడుకు కనుక ఆ పోలిక ఇంట్లోనే దొరికిందనుకోవచ్చు. సైన్సు తన పోలికగా వస్తే చేతులు చాచి ఆహ్వానించాడు, ఎదుటివాడి వాదంగా వస్తే తలుపు వేశాడు. నాకు కనిపించే లారెన్స్ ఇతను.

చివరగా తక్కెడ సంగతి. ‘లేడీ చాటర్లీస్ లవర్’ (1928) నవలలో కథానాయిక భర్త క్లిఫర్డ్‌ను చూడండి. నడుము కింద చచ్చుబడిన శరీరం, మోటారు కుర్చీ, గనుల్లో కొత్త యంత్ర పద్ధతుల మీద, బొగ్గు రసాయనాల మీద వ్యామోహం, రాత్రిళ్ళు రేడియో. సైన్సు వైపు మొగ్గిన మనిషికి రచయిత ఏ ఒక్క సుఖమూ దక్కనివ్వలేదు. పళ్ళెంలో బొటనవేలు కాదు, మోచెయ్యి పెట్టాడు.

పాతచొక్కా (జవాబు):

ఉప్పుకప్పురంబు గారి చివరి పేరాకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. తన నియమాన్ని తానే తప్పాడు. ఆ నియమం సరైనదని మనకు తెలిసిందే అతను తప్పిన చోట నవల సన్నబడిపోవడం వల్ల అని మాత్రం అంటాను. పరిణామవాదం విషయంలో కూడా నేను అతని పక్షం వహించబోను.

ఒక్క సవరణ మాత్రం ఉంది. క్లిఫర్డ్ యంత్రాల దగ్గరికి పోకముందు కథారచయిత. ఆ కథల గురించి రెండో అధ్యాయంలో వచ్చే వర్ణన గోరువంక గారి మాటల పట్టికకు బాగా పనికివస్తుంది. తెలివైన కథలు, కొంత విషం ఉన్నవి, పరిశీలన అసాధారణం, కానీ ఎక్కడా తాకిడి లేదు, అసలు స్పర్శే లేదు అంటాడు. పరిశీలనలో లోపం ఉందని అనలేదు, గమనించండి. పరిశీలన ఉండి స్పర్శ లేకపోవడమే జబ్బు. 1913లో ఫ్లాబేర్ మీద చేసిన ఫిర్యాదు పదిహేనేళ్ళ తర్వాత ఒక పాత్రగా తిరిగి వచ్చింది. క్లిఫర్డ్‌కు గనుల పిచ్చి తర్వాత పట్టింది, గట్టు మీద నిలబడడం మాత్రం ముందు నుంచీ ఉంది. అందువల్ల లారెన్స్ లెక్కలో సైన్సు ఆ జబ్బుకు కారణం కాదు, ఆ జబ్బు మనిషి వెళ్ళి తలదాచుకున్న చోటు. ఆ లెక్క సైన్సు చేసేవారికి అన్యాయమేనని మీరు అంటే కాదనను.

తంగేడు (జవాబు):

గోరువంక గారికి ఒక చిన్న హెచ్చరిక. ‘వస్తునిష్ఠత’ దగ్గరే ఆగిపోయి ‘సైన్స్’ అన్న మాటను దాటవేశారు. గాల్స్‌వర్దీ వ్యాసం మొదటి వాక్యాలను ‘విమర్శ ఎన్నటికీ శాస్త్రం కాజాలదు’ అని రాస్తే తెలుగు పాఠకుడికి ఏమి వినిపిస్తుంది? మనకు అలంకారశాస్త్రం ఉంది, వ్యాకరణశాస్త్రం ఉంది, సంగీతశాస్త్రం ఉంది. సాహిత్యాన్ని విచారించే విద్యకు మన పెద్దలు శాస్త్రమనే పేరు పెట్టారు. ఆ వాక్యం చదివినవారు లారెన్స్ మన ప్రాచీన ఆలంకారికుడు ఆనందవర్ధనుడి మీద కత్తి దూస్తున్నాడని అనుకుంటారు. అతను దూసింది ప్రయోగశాల మీద.

గోరువంక:

అందరికీ కృతజ్ఞతలు. తంగేడు గారు చెప్పింది నిజంగా నా చేతిరాతలో ఉన్న వాక్యమే. దాన్ని ‘విమర్శ ఎన్నటికీ సైన్సు కాజాలదు’ అని మార్చాను. ‘విజ్ఞానశాస్త్రం’ అని కూడా ప్రయత్నించి చూశాను గాని, లారెన్స్ వాక్యాలకు ఉన్న విసురు ఆ పొడుగు మాట బరువుకు కుంగిపోతోంది. ‘వృక్షశాస్త్రానికి నకలు’ మాత్రం అలాగే ఉంచుతున్నాను, ఎందుకంటే అక్కడ నిజంగా ఆ శాస్త్రమే ఉంది, దాన్ని చదివినవాడే అంటున్నాడు.

‘ఆబ్జెక్టివ్’ విషయంలో ఇలా నిర్ణయించుకున్నాను. ఫ్లాబేర్ ప్రస్తావన వచ్చిన చోట తాటస్థ్యం. తక్కెడ వచ్చిన చోట పక్షపాతం, దానికి ఎదురుగా నిష్పాక్షికత. కొడాక్ వ్యాసంలోనూ, ఫాంటాసియా ముందుమాటలోనూ వస్తుగతం. ‘వస్త్వాశ్రయం’ అసలు వాడను, అది మన భావకవిత్వపు తగాదాను వెంటబెట్టుకుని వస్తుంది. ఉప్పుకప్పురంబు గారు చెప్పిన సూర్యుడి అధ్యాయాలు నా సంపుటిలో లేవు గాని, ముందుమాట ఉంది. కనుక ఆ హద్దును అతనే దాటాడన్న సంగతిని నా పరిచయ వ్యాసంలో రాస్తాను. దాచిపెడితే నేనూ పళ్ళెంలో వేలు పెట్టినట్టే.

బిర్కిన్ ‘ఆండ్రాజినస్’ పువ్వుల సంగతి మిగిలింది. నేను వ్యాసాలే చేస్తున్నాను కనుక అది నా మెడకు చుట్టుకోదు. ఆ నవలను తెలుగు చేస్తున్నవారు ఎవరైనా ఇక్కడ ఉంటే, ‘మగపూలు’ అని సరిదిద్దారో, ‘ఉభయలింగ పూలు’ అని బిర్కిన్ తప్పును అలాగే ఉంచారో చెప్పండి.